కార్పల్ టన్నెల్ ఆపరేషన్ అయ్యాక ‘తేలికపాటి పని’ అంటే సరిగ్గా ఎంత?

డ్యూటీ_చార్ట్ (ప్రశ్న):

డాక్టరు చీటీలో ‘రెండు వారాలు విశ్రాంతి, ఆపైన తేలికపాటి పని’ అని ఒక్క ముక్క ఉంటుంది. దాన్ని డ్యూటీ చార్టులోకి ఎక్కించాల్సినవాళ్లకి ఆ ముక్క చాలదు. ఎన్ని కిలోలు, ఎంతసేపు, ఏ పనిముట్టు అన్నది అందులో ఉండదు. మణికట్టులో నొక్కుకుపోయిన నరాన్ని వదులు చేసే ఈ ఆపరేషన్ విషయంలో ఇద్దరి వివరాలు ఇస్తున్నాను.

మొదటి మనిషిది డేటా ఎంట్రీ. కుడిచేతి వాటం, ఆపరేషన్ కూడా కుడిచేతికే. ఓపెన్ పద్ధతి, అరచేతిలో సుమారు 3 సెంటీమీటర్ల కోత. ఇవాళ తొమ్మిదో రోజు, కుట్లు ఇంకా తీయలేదు. రాత్రి తిమ్మిరి రెండో రోజుకే పోయింది. ‘చెయ్యి బ్రహ్మాండంగా ఉంది, సోమవారం నుంచి పూర్తి షిఫ్టు చేస్తా’ అంటున్నారు.

రెండో మనిషిది యాంగిల్ గ్రైండర్ (తిరిగే డిస్కుతో లోహాన్ని కోసే, అరగదీసే చేతి యంత్రం) పని. కుడిచేతి వాటమే కానీ ఆపరేషన్ ఎడమచేతికి, వచ్చే వారం, ఎండోస్కోపీతో. షుగర్ ఉంది. నరాల పరీక్ష రిపోర్టులో ‘తీవ్రం’ అని వచ్చింది, బొటనవేలి కింది కండ కూడా చిక్కింది. ‘ఎడమచెయ్యే కదా, త్వరగానే వచ్చేస్తాడు’ అని షాపులో అందరి ధీమా.

వీళ్లిద్దర్నీ ఎప్పుడు, ఏ పనిలో పెట్టాలి? పనిలో స్ప్లింట్ (మణికట్టు వంగకుండా ఆపే పట్టీ) వేసుకోమనాలా? ఏది కనిపిస్తే పని ఆపించాలి? అంకెల్లో చెప్పగలిగినంత చెప్పండి.


చేతి_ఫిజియో:

‘బ్రహ్మాండంగా ఉంది’ అన్న మాట దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఈ ఆపరేషన్‌లో నరం లెక్క వేరు, చేతి బలం లెక్క వేరు. మొదటిది రెండు రోజుల్లో కుదుటపడినా రెండోది మూడు నెలలు తీసుకుంటుంది.

ఎందుకంటే, మణికట్టు ఎముకలు తొట్టిలా వంపు తిరిగి ఉంటాయి. దాని మీద అడ్డంగా మందపాటి లిగమెంటు మూతలా ఉంటుంది. ఆ ఇరుకే కార్పల్ టన్నెల్. అందులోంచి వేళ్లను ముడిచే 9 టెండాన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితోపాటు మీడియన్ నరం వెళ్తాయి. సర్జన్ చేసేది ఆ మూతను నిలువునా పూర్తిగా కోయడం. మళ్లీ కుట్టరు. నరం మీద ఒత్తిడి అప్పటికప్పుడే దిగిపోతుంది, అందుకే ఆ వారమే నిద్ర పడుతుంది. కానీ ఆ మూత ఊరికే మూత కాదు. బొటనవేలి కింది కండకూ, చిటికెనవేలి కింది కండకూ అదే ఆధారం, టెండాన్లకు అదే కప్పీ. కోసిన అంచుల మధ్య మచ్చ కణజాలం పూడి గట్టిపడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో పిడికిలి బలం ఆపరేషన్‌కు ముందున్న దాంట్లో సగానికన్నా కిందికి పడిపోతుంది. పాత స్థాయికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. కొంతమందికి ఇంకా ఎక్కువే.

మొదటి మనిషి సంగతి. కుట్లు మామూలుగా 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు. అవి ఉండగా సోమవారం రావడం తప్పేమీ కాదు, పూర్తి షిఫ్టు మాత్రం తప్పు. కట్టు పొడిగా ఉండి, మాత్రలు వేసుకోకుండానే నొప్పి ఓర్చుకోగలిగితే రోజుకు రెండు మూడు గంటలు రమ్మనండి. మౌస్ ఎడమచేతికి మార్చాలి, టైపింగ్ బదులు మాటతో రాసే సాఫ్ట్‌వేర్ గానీ, కాగితాలు సరిచూసే పని గానీ ఇవ్వాలి. కుట్లు తీశాక కుడిచేతి టైపింగ్ 10 నిమిషాల దఫాలుగా మొదలుపెట్టి, మూడో వారం చివరికి 20, 25 నిమిషాలకు తేవచ్చు. ప్రతి దఫా తర్వాత రెండు మూడు నిమిషాలు చేతికి సెలవు. కీబోర్డు మీద పూర్తి రోజు పని చాలామందికి మూడు నాలుగు వారాల మధ్య కుదురుతుంది. ఆపరేషన్ వాటం లేని చేతికైతే ఇంకాస్త ముందే.

బరువుల లెక్క ఇలా పెట్టుకోండి: కుట్లు తీసేదాకా అర కిలో లోపు, అంటే ఫోను, పెన్ను, నీళ్ల గ్లాసు. నాలుగో వారం దాకా 1, 2 కిలోలు. ఆరో వారం దాకా 4, 5 కిలోలు, అదీ రెండు చేతులా పట్టుకుని. ఆరు దాటాక నొప్పిని బట్టి పెంచుకోవచ్చు. ఈ అంకెలు సర్జన్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి, వాళ్లు వేరే చెప్తే అదే ఖాయం. బరువు కన్నా ముఖ్యం మణికట్టు భంగిమ. మణికట్టు లోపలికి వంచి గట్టిగా పట్టుకుంటే, ఆపే మూత లేదు కాబట్టి టెండాన్లు కోసిన గాడిలోంచి ముందుకు ఉబుకుతాయి. మొదటి నాలుగు వారాలు అదొక్కటి చేయకుండా చూసుకుంటే చాలు. ముడుచుకున్న మణికట్టుతో అర కిలో సీసా మూత తిప్పడం కన్నా, నిటారు మణికట్టుతో కిలో డబ్బా మోయడమే మేలు.

వ్యాయామాలు మొదటి రోజు నుంచే. కట్టు ఉన్నా వేళ్లు బయటే ఉంటాయి కదా, మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి వేళ్లు పూర్తిగా చాచి, పూర్తిగా పిడికిలి బిగించాలి, పదేసి సార్లు. పిడికిలి అంటే నెమ్మదిగా ముడవడమే, బలం పెట్టి నొక్కడం కాదు. రబ్బరు బంతి నొక్కమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. మొదటి నెలలో దాని జోలికి పోవద్దు, కోసిన చోటే లాగుతుంది. కట్టు పలచబడ్డాక టెండాన్ గ్లైడింగ్ వరస: వేళ్లు నిటారుగా, తర్వాత కొక్కెంలా, తర్వాత పూర్తి పిడికిలి, మళ్లీ నిటారు, వేళ్ల మొదళ్లు మాత్రమే మడిచి బల్లపరుపుగా, చివరికి వేలికొసలు అరచేతి కింది భాగానికి తాకేలా చదును పిడికిలి. ఒక్కో భంగిమలో మూడు నుంచి ఐదు సెకన్లు, రోజుకు మూడు నాలుగు సార్లు. తొమ్మిది టెండాన్లూ మచ్చకు, ఒకదానికొకటి అంటుకోకుండా ఉండటానికే ఇదంతా.

గాయం పూర్తిగా మూసుకున్నాక, కుట్లు తీసిన రెండు మూడు రోజులకు, మచ్చ మీద మర్దన. వాసన లేని మామూలు క్రీముతో, బొటనవేలితో గుండ్రంగా, నిలువుగా, అడ్డంగా, మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. వేలి గోరు కొస తెల్లబడేంత ఒత్తిడి చాలు. తాకితేనే జివ్వుమంటుంటే ముందు దూదితో, తర్వాత మెత్తటి గుడ్డతో, ఆ తర్వాత గరుకు తువాలుతో రుద్దుతూ అలవాటు చేయాలి.


ఎర్గో_బల్ల:

డేటా ఎంట్రీ బల్ల దగ్గర ముందుగా తీసేయాల్సింది జెల్ రిస్ట్ ప్యాడ్. మంచికే కొంటారు గానీ అది సరిగ్గా మచ్చ మీదా, దానికి రెండు పక్కలా ఉన్న కండల మీదా నొక్కుతుంది. ఆ చోటే ‘పిల్లర్ పెయిన్’ పుడుతుంది. అరచేయి ఆనించి కుర్చీలోంచి లేవబోయినా, తలుపు నెట్టినా మణికట్టుకు ఇటూ అటూ కలుక్కుమనే నొప్పి అది. నరం మళ్లీ చెడిందని మనుషులు హడలిపోతారు. నరానికి సంబంధం లేదు, లిగమెంటు తెగాక కండలు కొత్త చోట సర్దుకోవడం వల్ల వచ్చేది. చాలామందికి మూడు నెలల్లో, కొందరికి ఆరు నెలల్లో తగ్గుతుంది. దీన్ని మీ చార్టులో ముందే రాసి పెట్టండి, లేకపోతే ఐదో వారంలో ‘ఆపరేషన్ ఫెయిలయింది’ అన్న పుకారు లేస్తుంది.

టైపు చేసేటప్పుడు అరచేయి గాల్లో ఉండాలి, ముంజేయి కుర్చీ చేతి మీదో బల్ల మీదో ఆనాలి. కీబోర్డు వెనక మడత కాళ్లు మూసేయండి. అవి తెరిచి ఉంటే మణికట్టు వెనక్కి వంగుతుంది, వెనక్కి వంగినా లోపలికి వంగినా టన్నెల్‌లో ఒత్తిడి పెరుగుతుంది. 1981లో కొలిచిన అంకెలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి: మణికట్టు నిటారుగా ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న చేతిలో సగటున 2.5, జబ్బు చేతిలో 32 మిల్లీమీటర్ల పాదరసం. జబ్బు చేతిని పూర్తిగా లోపలికి వంచితే 94, వెనక్కి వంచితే 110. ఖర్చు లేకుండా కుదిరే మార్పు ఈ వంపు ఒక్కటే కాబట్టి ముందు దాన్నే సరిచేయాలి. మోచేయి 90 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండేలా కుర్చీ ఎత్తాలి, పాదాలు గాల్లో తేలితే కింద పీట వేయాలి. మౌస్ కీబోర్డుకు ఆనుకుని ఉండాలి, మణికట్టును పక్కలకు విరవకుండా ముంజేయి మొత్తం కదపాలి. నంబర్ ప్యాడ్ లేని పొట్టి కీబోర్డు అయితే మౌస్ దగ్గరికొస్తుంది, కానీ డేటా ఎంట్రీలో నంబర్ ప్యాడ్ కావాలి కాబట్టి విడి ప్యాడ్ తెచ్చి ఎడమవైపు పెట్టండి. మొదటి వారం చిరాకు పడతారు, రెండో వారానికి అలవాటవుతుంది.

ఇక గ్రైండర్. ‘ఎడమచెయ్యే కదా’ అన్న ధీమా ఇక్కడ పూర్తిగా తప్పు. కుడిచేతి వాటం మనిషి యాంగిల్ గ్రైండర్ పట్టుకున్నప్పుడు కుడిచేయి స్విచ్చు మీద ఉంటుంది, ఎడమచేయి పక్క పిడి మీద ఉంటుంది. డిస్కు ఇరుక్కుని పనిముట్టు ఎగదన్నినప్పుడు దాన్ని అదుపు చేసేది ఆ పక్క పిడే, అంటే ఆపరేషన్ అయిన చెయ్యే. పట్టు సగం ఉన్న చేత్తో ఆ పిడి పట్టించడం మణికట్టుకే కాదు, ముఖానికీ ప్రమాదం. పిడి తీసేసి ఒంటిచేత్తో చేయించడం అంతకన్నా ఘోరం.

అందుకే కిలోలూ వారాలూ కాకుండా పట్టు కొలిచి పంపండి. డైనమోమీటరు (పిడికిలి బలం కొలిచే పరికరం) మీద మూడేసి సార్లు నొక్కించి సగటు తీయాలి. ఆపరేషన్ చెయ్యి రెండో చేతితో పోలిస్తే 75, 80 శాతానికి వచ్చేదాకా గ్రైండర్ ఇవ్వకపోవడం నా నియమం. అది మామూలుగా 8 నుంచి 12 వారాల మధ్య జరుగుతుంది. మొదటి రెండు మూడు వారాల తర్వాత తనిఖీ, కొలతలు, లేబుళ్లు అంటించడం వంటివి ఇవ్వొచ్చు. ఆరో వారం నుంచి ఫైలింగ్ (ఆకురాయితో లోహం రుద్దడం), చిన్న పార్టులు బిగించడం. గ్రైండర్ ఇచ్చినప్పుడు మొదట 15 నిమిషాల దఫా, తర్వాత కనీసం అంతసేపు వేరే పని, రోజు మొత్తంమీద గంట లోపు. వారానికి కొద్దికొద్దిగా పెంచండి.

కంపనం విషయంలో యూరోపియన్ యూనియన్ నిబంధన పనికొచ్చే కొలబద్ద: 8 గంటల సగటు సెకను వర్గానికి 2.5 మీటర్లు దాటితే యాజమాన్యం చర్య తీసుకోవాలి, 5 దాటనివ్వకూడదు. పనిముట్టు పుస్తకంలో కంపన విలువ రాసి ఉంటుంది. అరిగి వంకర తిరిగిన డిస్కు, వదులైన ఫ్లాంజ్ (డిస్కును బిగించే బిళ్ల) ఆ విలువను పుస్తకంలో ఉన్న దానికన్నా బాగా పెంచేస్తాయి. యాంటీ వైబ్రేషన్ గ్లౌజుల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఐఎస్ఓ 10819 ముద్ర ఉన్నవి కూడా ఎక్కువ ఫ్రీక్వెన్సీ కంపనాన్నే కొంత తగ్గిస్తాయి. పైగా మందపు గ్లౌజు తొడిగితే అదే పిడిని ఇంకా గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది, ఆ బిగువు నరానికి మంచిది కాదు. కంపనం తగ్గించే పక్క పిడి, కొత్త డిస్కు, పని దఫాల మార్పిడి, ఈ మూడింటి మీదే డబ్బు పెట్టండి.

కట్టు ఉన్న చేత్తో తిరిగే డిస్కు దగ్గరికి అసలే పంపకూడదు. బ్యాండేజీ కొస చిక్కితే చెయ్యి లోపలికి లాగేస్తుంది. గాయం మూసుకునేదాకా కూలెంట్, ఆయిల్, లోహపు పొడి ఉన్న చోట కూడా వద్దు. ‘పైన గ్లౌజు వేసుకుంటా’ అంటారు. లోపల చెమట పట్టి కుట్లు నాని, గాయం పాచిపోయే ప్రమాదం ఉంది.

స్ప్లింట్ మాటకొస్తే, మొదటి నెల పనిలో వేసుకుంటే మంచిదే. మణికట్టు వంచకూడదన్న సంగతి అది గుర్తుచేస్తూ ఉంటుంది.


చేతి_ఫిజియో:

స్ప్లింట్ దగ్గర మాత్రం ఒప్పుకోను. ఆపరేషన్‌కు ముందు రాత్రిపూట వేసుకునే స్ప్లింట్‌కు లాభం ఉంది. ఆపరేషన్ తర్వాత మామూలుగా మణికట్టు కట్టేసి ఉంచితే ఫలితం మెరుగుపడదని తేలింది, వేళ్లు బిగుసుకుపోవడం మాత్రం ఎక్కువవుతుంది. మణికట్టు కదలకపోతే ఆ కదలికంతా మోచేయి, భుజం మీద పడి అక్కడ నొప్పి మొదలవ్వొచ్చు. పైగా రెడీమేడ్ స్ప్లింట్లలో అరచేతి వైపు లోహపు పట్టీ ఉంటుంది, అది సరిగ్గా మచ్చ మీద ఆనుతుంది. చాలావాటిలో ఆ పట్టీ 20, 30 డిగ్రీలు వెనక్కి వంగి వస్తుంది, మనకు కావాల్సింది నిటారు. మొదటి వారం నిద్రలో చెయ్యి ముడుచుకుపోతుందని భయముంటే, పట్టీ తీసి నిటారుగా వంచి, రాత్రికి మాత్రం వేసుకోవచ్చు. పగలు వద్దు. గుర్తుండాలంటే కీబోర్డు పక్కన ఒక కాగితం అంటించండి, చాలు.


ఎర్గో_బల్ల:

పట్టీ మచ్చ మీద పడుతుందన్నది నిజమే, ఆ కోణంలో ఆలోచించలేదు. పగటి స్ప్లింట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. జెల్ ప్యాడ్‌కు చెప్పిన కారణమే దీనికీ వర్తిస్తుంది.


డ్యూటీ_చార్ట్:

చాలా ఉపయోగపడింది. ఇంకో నాలుగు సందేహాలు. రెండో ఆయన ఆపరేషన్‌కు ఇంకా వారం ఉంది కదా, షుగర్ ఉన్నవాళ్లకు వేరే జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా? ఎండోస్కోపీ కాబట్టి సగం రోజుల్లో వచ్చేస్తారన్నది నిజమా? ‘తీవ్రం’ అంటే చెయ్యి మామూలుగా అవుతుందా, లేదా? ఇద్దరూ బి6 విటమిన్ మాత్రలు రోజూ వేసుకుంటున్నారు, ఆపమనాలా?


ఓటీ_సిస్టర్:

ఎండోస్కోపీలో ఒకటి రెండు చోట్ల సెంటీమీటరు లోపు కోతతో కెమెరా పంపి, అదే లిగమెంటును లోపలివైపు నుంచి కోస్తారు. అరచేతి చర్మం మీద పెద్ద మచ్చ ఉండదు కాబట్టి మొదటి వారాల్లో నొప్పి తక్కువ, పనికి ఓ వారం అటూ ఇటూగా ముందే వస్తారు. లోపల తెగిన లిగమెంటు మాత్రం ఒకటే, అది పూడే లెక్కా ఒకటే. ఏడాది తర్వాత చూస్తే రెండు పద్ధతులకూ తేడా కనబడదు. కాబట్టి గ్రైండర్ తేదీని ఎండోస్కోపీ పేరు చెప్పి ముందుకు జరపకండి, ఆఫీసు పని తేదీని జరిపితే జరపండి. లోపల సరిగ్గా కనిపించకపోతే మధ్యలో ఓపెన్‌కు మారుస్తారు, ఆ సంగతి ముందే చెప్పి సంతకం తీసుకుంటారు. మెలకువ వచ్చి పెద్ద కట్టు చూసి కంగారు పడక్కర్లేదు.

షుగర్ ఉన్నవాళ్లకూ ఈ ఆపరేషన్ బాగానే పనిచేస్తుంది. హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 8 దాటి ఉంటే చాలామంది సర్జన్లు కొంచెం అదుపులోకి వచ్చేదాకా ఆగమంటారు, ఇన్ఫెక్షన్ భయం వల్ల. చెయ్యి మటుకే మత్తు ఇచ్చేటప్పుడు, అంటే అరచేతిలో లిగ్నోకైన్, అడ్రినలిన్ కలిపి ఇచ్చి టోర్నికె (రక్తం ఆపే పట్టీ) బిగించకుండా చేసే పద్ధతిలో, పరగడుపున ఉండాల్సిన పని లేదు. షుగర్ మాత్రలు, తిండి మామూలుగానే. నిద్రపుచ్చే మత్తు కలిపితే మాత్రం పరగడుపు, మాత్రల మోతాదు రెండూ మారతాయి, ఏ పద్ధతో ముందే అడిగి తెలుసుకోవాలి. అరచేతిలో ఆ మత్తు సూది వేశాక 25, 30 నిమిషాలు ఆగితేనే రక్తం బాగా తగ్గుతుంది, అందుకే లోపలికి తీసుకెళ్లాక ఊరికే కూర్చోబెడతారు. రక్తం పలచబరిచే మాత్రలు ఎవరి మాట మీదా సొంతంగా ఆపకూడదు, చాలా మందులు కొనసాగిస్తూనే ఈ ఆపరేషన్ చేస్తారు. ఉంగరాలు ఇంట్లోనే తీసి రావాలి. వాచిన వేలి మీద ఉంగరం కోయాల్సి వస్తుంది.

మొదటి 48 నుంచి 72 గంటలు చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉండాలి. పడుకున్నప్పుడు రెండు దిండ్ల మీద, కూర్చున్నప్పుడు ఛాతీ మీద. మెడకు గుడ్డ వేసి చెయ్యి వేలాడదీయడం అలవాటుగా చేస్తారు, వద్దు. చెయ్యి గుండెకు కిందే ఉంటుంది, పైగా భుజం బిగుసుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు భుజం మరీ తొందరగా పట్టేస్తుంది. కట్టు తడవకుండా స్నానానికి ప్లాస్టిక్ సంచి కట్టుకోవాలి, తడిస్తే అదే రోజు మార్పించుకోవాలి. నొప్పికి చాలామందికి పారాసెటమాల్ చాలు, 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, ఆరేసి గంటలకు, రోజుకు 4 గ్రాములు మించకుండా. కాలేయం దెబ్బతిన్నవాళ్లకు అంతకన్నా తక్కువ. ఐబుప్రొఫెన్ రకం మాత్రలు షుగర్‌తో మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు.

‘తీవ్రం’ అన్న మాటకు అర్థం చెప్తాను. మధ్యమధ్య వచ్చే తిమ్మిరి నరం మీద నొక్కు వల్ల, నొక్కు పోగానే అదీ పోతుంది. ఇరవై నాలుగు గంటలూ వేలికొస మొద్దుగా ఉందంటే నరం పోగులు కొన్ని చచ్చాయని. అవి మళ్లీ పెరగాలి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున. మణికట్టు నుంచి వేలికొసకు 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఐదు నుంచి ఏడు నెలలు పడుతుంది, తుది ఫలితం ఏడాదికి గానీ తెలియదు. చిక్కిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అలాంటప్పుడు ఆపరేషన్ ఉద్దేశం ఉన్నది పోకుండా ఆపడం, నొప్పి తీయడం. ఇది ముందే చెప్పకపోతే మూడో నెలలో నిరాశపడతారు. మధ్యలో వేళ్లలో కరెంటు పాకినట్టు జివ్వుజివ్వుమనడం నరం తేరుకుంటున్న గుర్తు, భయం లేదు. షుగర్ వల్ల కాళ్లలో కూడా తిమ్మిరి ఉంటే, చేతిలో ఆ భాగం ఆపరేషన్‌తో పోదు.

మొద్దుబారిన వేళ్లతో గ్రైండర్ విషయంలో ఎర్గో గారి లెక్కకు ఇంకొకటి కలపండి. పట్టు ఎంతన్నదే కాదు, ఎంత గట్టిగా పట్టుకున్నారో ఆ చేతికే తెలియదు. కాలిన లోహం తాకినా తెలియదు. పేపర్ క్లిప్ విప్పి రెండు కొసలు వేలికొస మీద ఒకేసారి ఆనించి, కళ్లు మూసుకుని ‘ఒకటా రెండా’ అని అడగాలి. 6 మిల్లీమీటర్ల దూరం లోపు రెండూ తెలియడం మామూలు. 10 దాటినా తెలియకపోతే వేడి, పదును ఉన్న పని ఇవ్వకండి, పట్టు ఎంత బాగున్నా సరే.

బి6: ఈ జబ్బుకు లాభం ఉందన్న గట్టి ఆధారం లేదు. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే అదే నరాలను దెబ్బతీసి తిమ్మిరి తెప్పిస్తుంది. తిమ్మిరి తగ్గలేదని మోతాదు పెంచుకుంటూ పోవడం అన్నిటికన్నా చెడ్డది. డాక్టరు వేరే కారణానికి రాయకపోతే మానేయమనండి.

ఆపించాల్సిన గుర్తులు. కట్టు బిగుతై వేళ్లు నీలంగా, చల్లగా అయితే ఆ గంటలోనే కట్టు వదులు చేయించాలి. మూడో రోజు తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతూ, ఎర్రదనం ముంజేతికి పాకడం, చీము, జ్వరం ఉంటే అదే రోజు చూపించాలి. ఆపరేషన్‌కు ముందు లేని చోట కొత్తగా మొద్దుబారినా, బొటనవేలు అరచేతికి అడ్డంగా పైకి లేవకపోయినా ఆలస్యం చేయొద్దు, చాలా అరుదే కానీ నరం శాఖకు దెబ్బ తగిలి ఉండొచ్చు. చెయ్యంతా వాచి, చర్మం నిగనిగలాడుతూ రంగు మారి, గాయంతో పొంతన లేని మంట నొప్పి వస్తే సీఆర్‌పీఎస్ (దెబ్బకు మించి నొప్పి, వాపు కొనసాగే జబ్బు) అనుమానించాలి, దానికి మొదటి వారాల్లోనే ఫిజియో మొదలవాలి. తర్వాతి నెలల్లో వేలు మడిచి చాచేటప్పుడు టక్కున ఇరుక్కుంటే అది ట్రిగ్గర్ ఫింగర్. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి వస్తుంది, షుగర్ ఉంటే మరీను. ఆపరేషన్ చెడిందని కాదు, వేరే వైద్యం ఉంది.

లక్షణాలు అసలు తగ్గనే లేదంటే లిగమెంటు చివర కొంచెం తెగకుండా మిగిలిందేమో, లేదా మెడ నరం సమస్యేమో చూస్తారు. తగ్గి, కొన్ని నెలలు బాగుండి మళ్లీ వస్తే మచ్చ బిగుసుకుందేమోనని చూస్తారు. రెండూ వేరు, కాబట్టి ‘మొదటి నెల ఎలా ఉండేది’ అన్నది రాసిపెట్టుకోమనండి. చిటికెనవేలి తిమ్మిరి ఈ నరానిది కాదు, దాన్ని ఈ లెక్కలో వేయొద్దు.


డ్యూటీ_చార్ట్:

చార్టు ఇలా వేశాను, తప్పులుంటే చెప్పండి.

డేటా ఎంట్రీ: సోమవారం నుంచి రోజుకు 3 గంటలు, ఎడమ మౌస్, సరిచూసే పని మాత్రమే. కుట్లు తీశాక 10 నిమిషాల దఫాలు, మూడో వారంలో సగం షిఫ్టు, నాలుగో వారం పూర్తి షిఫ్టు. ఫైళ్ల పెట్టెలు ఆరు వారాల దాకా వేరేవాళ్లు మోస్తారు. రిస్ట్ ప్యాడ్ తీసేశాం.

గ్రైండర్: మొదటి రెండు వారాలు సెలవు. మూడో వారం నుంచి ఆరో వారం దాకా తనిఖీ బల్ల. ఆరు నుంచి ఎనిమిది దాకా ఫైలింగ్. ఎనిమిదో వారం పట్టు, రెండు కొసల పరీక్ష. రెండూ నెగ్గితే 15 నిమిషాల దఫాలు. బండి మీద వస్తారు కాబట్టి నాలుగు వారాల దాకా సంస్థ వాహనం.


చేతి_ఫిజియో:

రెండు మార్పులు. ఫైలింగ్ అంటే పిడి గట్టిగా బిగించి అరచేతి మొదలుతో నెట్టడం, అది సరిగ్గా పిల్లర్ పెయిన్ చోటే. అయితే వాటం కుడిచెయ్యి కాబట్టి ఫైలు పిడి కుడిచేతిలోనే ఉంటుంది, ఎడమచేయి ఫైలు కొసను ఒత్తుతుంది. ఆ ఎడమచేతి ఒత్తిడి వేళ్లతోనే పెట్టేలా, అరచేత్తో పెట్టకుండా చూడండి. నొప్పి ఉంటే ఫైలింగ్ రెండు వారాలు వెనక్కి జరిపి పార్టులు బిగించే పని ఇవ్వండి, దాంట్లోనూ స్క్రూడ్రైవర్ పిడి లావుగా ఉన్నది.

రెండోది, బండికి వారాలు కొలవకండి. రెండు చేతులా హ్యాండిల్ నొప్పి లేకుండా పట్టుకుని, హఠాత్తుగా బ్రేకు, క్లచ్చి పూర్తిగా నొక్కగలగాలి, మత్తు కలిగించే మాత్రలు మానేసి ఉండాలి. ఎడమచేయి కాబట్టి క్లచ్చి లివర్ దగ్గరే తేలిపోతుంది. ఆగి ఉన్న బండి మీద వరసగా ఇరవై సార్లు నొక్కించి చూడండి. పదో సారికే వేళ్లు వదిలేస్తే ఇంకో వారం సంస్థ వాహనమే.

పని పెంచిన ప్రతిసారీ మర్నాడు పొద్దున చెయ్యి చూడమనండి. సాయంత్రం కాస్త నొప్పి ఉండి రాత్రికి తగ్గితే సరే. పొద్దున లేచేసరికి కూడా నొప్పి, వాపు ఉంటే ముందటి మెట్టుకు దిగి మూడు రోజులు ఆగి మళ్లీ ఎక్కించండి. ఎనిమిదో వారం పట్టు అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, గ్రైండర్ దఫాలు అప్పుడు చూద్దాం.